పదహారో ఇంటర్వ్యూ

"ఒకటి నుంచి ఐదు దాకా నంబరెయ్యాల్నా?" సుచరిత గడపలోనే నిలబడి కాగితం చదివింది. "ఒకటంటే అలసట లేనట్టు. ఐదంటే పూర్తిగ అలసిపోయినట్టు. బాగనే ఉన్నది. మరి మా నాయిన ఏ నంబరో మీరే చెప్పుండ్రి అయ్యగారూ. నాలుగా, ఐదా?"

బయట ముసురు పడుతోంది. అమరేందర్ సగం చూరు కింద, సగం వానలో నిలబడి ఉన్నాడు. భుజానున్న సంచి తడవకుండా షర్టు లోపలికి దోపుకున్నాడు గానీ, తాను మాత్రం నానిపోయాడు.

"సిస్టర్, అది ప్రొఫెసర్లు తయారు చేసిన ఫారం..."

"సిస్టరా?" ఆమె కళ్లెత్తి ఒక్క చూపు చూసింది. పెద్ద పెద్ద కళ్లు. ఆ చూపుకు వాన కూడా జర వెనక్కి తగ్గినట్టనిపించింది. "మీరు ఫారం పట్టుకొని వచ్చిన్రు. ఫారం పట్టుకొని వచ్చినోళ్లు నాకు అన్నలు కారు."

"సుచీ, అయ్యగారిని వానల నిలబెట్టి ఏం పంచాయితీ పెట్టినవ్? లోపలికి రానియ్యి," అని లోపల్నుంచి లీలమ్మ కేకేసింది.

అమరేందర్‌కు ముప్పై రెండేండ్లు. మర్రిగూడ చుట్టుపక్కల మూడు ఊళ్ల సంఘాలకు ఒక్కడే పాస్టరు. ఆదివారం పొద్దున ఒక ఊరు, మధ్యాహ్నం ఒక ఊరు, సాయంత్రం ఇంకో ఊరు. ఇది చాలదన్నట్టు మూడేండ్ల నుంచి డాక్టర్ ఆఫ్ మినిస్ట్రీ చదువుతున్నాడు. పాస్టర్లు తమ పని చేసుకుంటూనే చేసే డాక్టరేటు అది. క్లాసులున్నప్పుడు బండి మీద చౌటుప్పల్ దాకా పోయి, అక్కడ బండి పెట్టి హైదరాబాద్ బస్సెక్కుతాడు. బస్సులో పుస్తకం తెరుస్తాడు. అదే పేజీ మీద నిద్రపోతాడు.

సంఘ పెద్ద గుర్వయ్య ఈ సంగతి మూడూళ్లకూ చాటేశాడు. "మన అయ్యగారు డాక్టరయితున్నడు!" మరునాడే ఒక ముసలవ్వ మోకాళ్లు చూపెట్టడానికి వచ్చి కూర్చుంది. అవ్వకు విషయం అర్థమయ్యేట్టు చెప్పేసరికి పొద్దు గూకింది.

అతను ఎంచుకున్న అంశం గ్రామీణ సంఘాల్లో ఆత్మీయ నాయకత్వం, పాస్టర్ల అలసట. పదహారు ఇంటర్వ్యూలు చెయ్యాలి. పదిహేను అయిపోయాయి. "బతికున్న పాస్టర్లతోనే మాట్లాడినవు. అలసిపోయి పోయినాయన ఇంటికి ఒక్కసారి పో," అన్నాడు గైడు. ఇప్పటికే రెండుసార్లు గడువు పొడిగించారు. ఇంకా ఇరవై రోజులే మిగిలాయి.

ఆ పోయినాయన లీలమ్మ భర్త. ఐదేండ్ల కింద ఒక్కరోజే మూడు ఊళ్లల్లో మూడు పెండ్లిళ్లు జరిపించి, ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. మళ్లీ లేవలేదు. నెల తిరగకముందే తల్లీబిడ్డలు పాస్టరు ఇల్లు ఖాళీ చేసి కిరాయింటికి మారారు. బిడ్డ చదువు పూర్తి చేసుకుని సర్కారు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరింది. పాస్టరుద్యోగం చేసేవాళ్ల సంబంధాలు రెండొస్తే రెండూ తిప్పి పంపింది. "అమ్మ తిన్నది చాలు. నేను గా బతుకు బతుకను," అన్నది.

లీలమ్మ టవలిచ్చింది. తుడుచుకుని, ఒప్పుకోలు కాగితం మీద ఆమెతో సంతకం పెట్టించుకుని, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి టీపాయ్ మీద పెట్టాడు.

"అమ్మగారూ, అయ్యగారు విశ్రాంతి ఎప్పుడు తీసుకునేటోరు?"

లీలమ్మ ఆలోచనలో పడింది. ఆమె మాట నిదానం, గొంతు మెత్తన. "విశ్రాంతా బిడ్డా... ఆయనకు జ్వరమొచ్చిన దినాలల్ల..."

అమరేందర్‌కు ఆ తర్వాత ఏమీ వినపడలేదు. ఆదివారం మూడు ఆరాధన కూడికలు, ఆ తర్వాత చౌటుప్పల్ ఆస్పత్రిలో ఒక ప్రార్థన, సోమవారం తెల్లారక ముందే ఒక సమాధి కార్యక్రమం. వెచ్చటి టవలు, ఆగని ముసురు, ఆ మెత్తటి గొంతు. మనిషి కుర్చీలోనే ఒరిగిపోయాడు.

కళ్లు తెరిచేసరికి గంట దాటింది. ముందర మూత పెట్టిన చాయ్. ఎదురుగా పెసరకాయలు ఒలుస్తూ సుచరిత.

"అలసట మీద పరీక్ష పెట్టనీకి వచ్చి మీరే పడుకున్నరు," అన్నది. నవ్వకుండానే అన్నది గానీ, పెదవి మూలన ఏదో కదిలింది. "మీకు ఐదెయ్యాల్నా, ఆరెయ్యాల్నా?"

సిగ్గుతో చాయ్ ఒక్క గుక్కలో తాగి, ఫోన్ జేబులో వేసుకుని లేచాడు. రికార్డింగ్ ఆగలేదన్న సంగతి ఇంటికి పోయాకే తెలిసింది.

రికార్డయిన ప్రతి మాటా టైపు చెయ్యాలని రూలు. మర్నాడు మధ్యాహ్నం చెవుల్లో వైర్లు పెట్టుకుని కూర్చున్నాడు. మొదట తన ప్రశ్న. తర్వాత లీలమ్మ జవాబు సగం. ఆ తర్వాత తన గురక. సిగ్గేసి దాటేయబోయాడు. అంతలో సుచరిత గొంతు వినిపించింది.

"ఊకో అమ్మా, లేపకు. ఫ్యాను జర ఇటు తిప్పు."

"తడిసి ఉన్నడే, జలుబు జేస్తది."

"చేస్తే చెయ్యనియ్యి. పడుకోనియ్యి. నాయిన గిట్ల ఒరిగినప్పుడల్లా ఎవలో ఒకలు తలుపు కొట్టేటోళ్లు. పోయి లేపుమంటే నేనే లేపేదాన్ని. చిన్నప్పటి నుంచి నాదే ఆ డ్యూటీ." కాసేపు వాన చప్పుడు. "లేపకపోయుంటే బతికేటోడేమో."

తలుపు కొట్టిన చప్పుడైంది. గుర్వయ్య గొంతు. "అయ్యగారు ఇటొచ్చిండా? బర్రె ఈనుతాంది, జర ప్రార్థన చెయ్యాలె."

"రాలేదు మామా," అన్నది సుచరిత, రెండడుగుల అవతల గురక వినిపిస్తుండగానే.

తలుపు మూసిన చప్పుడు. లీలమ్మ నవ్వు. "నీకెందుకే ఆయన మీద అంత?"

"ఏమంత? ఏంలేదు."

"చేస్కుంటవా మరి?"

"ఛీ... నీకేం పని లేదా?" చాలాసేపటికి, పెసరకాయలు పగిలే చప్పుళ్ల నడుమ, మళ్లీ ఆమె గొంతు. "మంచోడే. గందుకే వద్దంటున్న. గిసొంటోళ్లే తొందరగ పోతరు. రెండోసారి చూసే ఓపిక నాకు లేదు."

అమరేందర్ వైర్లు తీసి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మళ్లీ పెట్టుకుని మొదటి నుంచి విన్నాడు.

సాయంత్రం గైడుకు ఫోన్ చేశాడు. ఆయన ఎగిరి గంతేశాడు. "పాస్టరు బిడ్డ, తండ్రిని తానే నిద్ర లేపేదట! నాలుగో అధ్యాయమంతా దీని మీదనే నిలబడతది. టైపు చేసి పంపు."

"సార్, సంతకం వాళ్లమ్మది. ఈమె మాట్లాడినప్పుడు నేను నిద్రల ఉన్న. ఆమెకు తెల్వదు."

"పేరు తీసేయ్. ఎవరికి తెలుస్తది?"

"నాకు తెలుస్తది గద సార్."

మరునాడు దవాఖానకు పోయాడు. సుచరిత గాజు పలక మీద రక్తపు చుక్క పరుస్తోంది. తలెత్తలేదు.

"ఏం పరీక్ష చెయ్యాలె? షుగరా?"

"సిస్... సుచరిత గారూ."

గారు అనేసరికి ఆమె చెయ్యి ఆగింది. సంగతంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ గోడ మీది క్యాలెండర్‌నే చూశాడు. చెప్పడం అయిపోయాక ఆమె గాజు పలకను బల్ల మీద పెట్టింది.

"మొత్తం విన్నరా?"

"విన్న."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"రెండోసారి ఎందుకు?"

"టైపు చెయ్యనీకి..."

"అయ్యగార్లు అబద్ధమాడొద్దు."

"టైపు చెయ్యలే," అని ఒప్పుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఆమె చెంపలూ అదే రంగుకు వచ్చాయి గానీ, ఆమెది కోపం. కనీసం సగం కోపం.

"తీసెయ్యుండ్రి. ఇప్పుడే. నా ముందర."

అమరేందర్ ఫోన్ తీసి, ఆమెకు కనపడేట్టు పట్టుకుని రికార్డింగ్ తుడిచేశాడు. ఆమె అంత తొందరగా తీసేస్తాడనుకోలేదు.

"కాపీ ఉన్నదా?"

"లేదు."

"మరి మీ డాక్టరేట్?"

"పదిహేనుతోనే పంపిస్త. ఒప్పుకోకుంటే ఇంకో ఏడాది." చాలా అలసటగా నవ్వాడు. "ఫోన్‌లకెల్లి తీసేసిన. చెవులకెల్లి ఎట్ల తియ్యాల్నో తెలుస్తలేదు. ఒక్క మాట చెప్పిపోత. నువ్వు లేపినందుకు మీ నాయిన పోలేదు. లేవను అనే మాట ఆయనకు రాకపాయె. నాకు గూడ రాదు."

అతను నువ్వు అన్నాడని ఇద్దరికీ ఆలస్యంగా తెలిసింది. సుచరిత గాజు పలకను మైక్రోస్కోప్ కింద పెట్టి, అందులోకే చూస్తూ అన్నది: "వచ్చినంక రాండ్రి."

"ఏమొచ్చినంక?"

"ఆ మాట వచ్చినంక."

గైడు ఒప్పుకోలేదు. పదహారన్న తర్వాత పదహారే అన్నాడు. డాక్టరేటు ఇంకో ఏడాది వెనక్కి పోయింది.

తర్వాతి ఆదివారం మూడు ఊళ్లల్లోనూ చెప్పాడు అమరేందర్. "సోమవారం నేను రాను. సోమవారం నాకు సెలవు." అందరూ ఆమేన్ అన్నారు. సోమవారం పొద్దున ఆరింటికే తలుపు కొట్టారు. పోయాడు. రెండో సోమవారం ఒక సమాధి. మూడో సోమవారం మొగుడూపెండ్లాల తగాదా. నాలుగోది కొత్త ట్రాక్టరుకు ప్రార్థన. పత్తి ఏరుడు మొదలై, అయిపోయింది. సెలవు ప్రకటన మాత్రం చర్చి నోటీసు బోర్డు మీదే ఉండిపోయింది. సుచరిత దారిలో ఎదురైతే వందనాలు చెప్పేది, "వచ్చిందా?" అన్నట్టు చూసేది. అతను తల అడ్డంగా ఊపి బండి ముందుకు పోనిచ్చేవాడు.

మార్చిలో ఒక సోమవారం, ఎండ మండుతున్న మధ్యాహ్నం, అన్నం తినడానికి ఇంటికొచ్చిన సుచరిత అరుగు మీద అతన్ని చూసింది.

"మాట వచ్చిందా?"

"రాలే," అన్నాడు. "తప్పించుకొని వచ్చిన. నిజం చెప్పాలంటే ఇంట్ల కూసోలేక, యాడికి పోవాల్నో తెల్వక ఇటొచ్చిన. సెలవు తీసుకునుడు గూడ నాకు చాతనయితలేదు."

ఆమె చాలాసేపు చూసింది. అతని బుగ్గలు పీక్కుపోయాయి, కాలరు అంచు చిరిగింది. లోపలికి పోయి రెండు పళ్లాలు తెచ్చింది. తిన్నాక, చేతులు తుడుచుకుంటూ అన్నది:

"కాగితం తెచ్చిన్రా? సంతకం పెడత. ఈసారి నాదే పెడత."

"దేనికి?"

"పదహారోది నేనిస్త. కానీ కండ్లు తెరుసుకొని వినాలె."

సంచిలోంచి కాగితం తీసి సంతకం పెట్టించుకున్నాడు. ఫోన్ ఇద్దరి నడుమ అరుగు మీద పెట్టి రికార్డింగ్ నొక్కాడు. తలుపు దగ్గర లీలమ్మ కొంగు కనపడీ కనపడనట్టు కదిలింది.

"పాస్టరింట్ల ఉండేటోళ్లకు, పాస్టరు నుంచి ఏం కావాలె?"

"మేమున్నమని యాది ఉండాలె," అన్నది సుచరిత. "మూడూళ్లకు లేదనలేక రోజూ మాకు లేదన్నడు మా నాయిన. ఆయనకు అది తెల్వనే తెల్వదు. నేను..."

ఫోన్ మోగింది. గుర్వయ్య.

సుచరిత మాట ఆపింది. వద్దనలేదు, ఎత్తమనలేదు. గోడకు ఆనుకుని చూస్తోంది అంతే. అమరేందర్ స్పీకర్ నొక్కాడు.

"అయ్యగారూ, వందనాలు! బోరు బండి వచ్చింది. పాయింట్ కాడ నిలబడ్డం. మీరొచ్చి ప్రార్థన చేస్తె డ్రిల్లు దింపుతరు. జల్ది రాండ్రి."

అమరేందర్ నోరు తెరిచాడు. వస్తున్న అనే మాట ఎన్నో ఏండ్ల అలవాటు కొద్దీ నాలుక కొసకు వచ్చి నిలబడింది. దాన్ని మింగడానికి అతనికి రెండుసార్లు గుటక వెయ్యాల్సి వచ్చింది.

"నేను రాను గుర్వయ్యా."

"ఆఁ? పానం బాగలేదా?"

"బాగనే ఉన్నది. ఇయ్యాల రాను. నువ్వు చెయ్యి ప్రార్థన."

"నేనా? నాకేం వస్తది అయ్యగారూ? చదువుకున్నోన్నా?"

"నీళ్లు కావాల్నని అడగనీకి చదువెందుకు? అడుగు. మేం ఇక్కడ్నుంచి వింటం."

అటు గుసగుసలు, దగ్గులు. తర్వాత గుర్వయ్య గొంతు సవరించుకున్నాడు. అమరేందర్ కళ్లు మూసుకున్నాడు. సుచరిత చున్నీ తల మీదికి లాక్కుంది.

"దేవా... నేను గుర్వయ్యను. మర్రిగూడ గుర్వయ్యను. మా అయ్యగారు రానన్నడు. ఎన్నడు అననోడు అన్నడంటే మస్తు అలిసినట్టున్నడు, కోపం జెయ్యకు. గీ బోరుల నీళ్లు పడనియ్యి. మంచి నీళ్లే పడనియ్యి, ఫ్లోరైడు నీళ్లకు పచ్చబడ్డ మా పోరగాళ్ల పండ్లు నువ్వు చూసినవు గద." కాస్త ఆగాడు. ధైర్యం వచ్చినట్టుంది. "ఇంకొకటి యాదికొచ్చింది దేవా. మా అయ్యగారు ఒక్కడే వండుకుంటడు, సగం మాడబెట్టుకుంటడు. ఆయనకొక తోడు జూపియ్యి. ‘రాను’ అనుమని ఆయనకు చెప్పే మనిషిని జూపియ్యి. ఏసు నామంల అడుగుతున్నం తండ్రీ."

అటువైపు పదిమంది ఒక్కసారే ఆమేన్ అన్నారు. అమరేందర్‌కు మాత్రం నోరు పెగల్లేదు. తన కోసం తానే ఎట్లా అంటాడు?

"ఆమేన్," అన్నది సుచరిత.

మెల్లగా ఏమీ అనలేదు. అరుగు దాటి వీధిలోకి వినపడేంత గట్టిగానే అన్నది. అమరేందర్ కళ్లు తెరిచేసరికి ఆమె అతన్నే చూస్తోంది. కళ్ల నిండా నీళ్లు, ముఖం మీద మొండితనం.

"అయ్యగారూ," గుర్వయ్య గొంతు అనుమానంగా వినిపించింది. "ఎవలదది ఆ గొంతు?"

సుచరిత ఫోన్ దగ్గరికి వంగింది. "నేను మామా. లీలమ్మ బిడ్డను."

తర్వాత గుర్వయ్య పక్కకు తిరిగి, పెద్ద గొంతుతో బోరు బండి వాళ్లకు చెప్పడం వినిపించింది.

"దింపుండ్రి ఇగ డ్రిల్లు! ప్రార్థన పనిచేస్తాంది."