బ్యాటరీ ఉన్న మైకు

శవం రాళ్ల మధ్య ఇరుక్కుని ఉంది.

బెల్జియంలో ఊస్టెండ్ బీచ్. 1997 ఆగస్టు, ఆదివారం. సాయంత్రం ఆరు నలభై. ఆటు మొదలై నీళ్లు వెనక్కి పోతుంటే లైఫ్‌గార్డుకి ముందు బూట్లు కనిపించాయి. వెండి రంగు బూట్లు. బెత్తెడు మందం సోల్.

ఇన్‌స్పెక్టర్ రెమీ డెక్లెర్క్ వచ్చేసరికి జనం మూగి ఉన్నారు. చేతుల్లో ఫ్రైస్ పొట్లాలు. ఎవరూ తినడం లేదు.

"ఎవరీ అమ్మాయి?"

"తెలీదా సార్? జిరెల్లా టినెకె! నాలుగున్నరకి అదిగో, ఆ స్టేజి మీదే పాడింది," అన్నాడు లైఫ్‌గార్డు.

డాక్టరు మోకాళ్ల మీద నుంచి లేచాడు.

"తల రాయికి కొట్టుకుంది. కానీ ప్రాణం తీసింది నీళ్లు. అయిదున్నర ప్రాంతం. వెంటనే ఎవరైనా పైకి లాగి ఉంటే బతికేది."

"కాలు జారిందా?"

"జారి ఉండొచ్చు. కానీ ఇది చూడు."

కుడి మణికట్టు మీద ఎర్రగా నాలుగు వేళ్ల గుర్తులు. ఎవరో గట్టిగా పట్టుకున్నారు.

డెక్లెర్క్ వెనక్కి తిరిగి చూశాడు. సముద్రంలోకి పొడుచుకుపోయిన ఈ రాళ్ల కట్టకి కూతవేటు దూరంలో వేల మంది జనం.

"అరుపేమీ వినబడలేదా?" లైఫ్‌గార్డుని అడిగాడు.

"లేదు సార్. స్పీకర్లు మోగుతున్నాయి కదా."

"నీ దగ్గరికి ఎవరూ రాలేదా?"

"తప్పిపోయిన పిల్లలు ఇద్దరు. జెల్లీచేప కుట్టినాయన ఒకడు. ఎవరో పెద్దావిడ కూడా వచ్చింది. ఏం కావాలమ్మా అంటే ఏం లేదన్నట్టు తలూపి వెళ్లిపోయింది. అంతే."

డెక్లెర్క్ సరే అన్నాడు. ఆ మాట అక్కడే వదిలేశాడు. తరవాత దానికి చాలా రోజులు బాధపడ్డాడు.

*

జిరెల్లా అంటే ఒక పాటల జట్టు. పైకి ఇద్దరే. పాడే టినెకె, మధ్యలో గబగబా మాటలు చెప్పే ర్యాపర్ దెజిరే. టినెకె కోర్‌ట్రైక్‌లో చెప్పుల షాపులో పనిచేసేది. దెజిరే బ్రస్సెల్స్ వాడు. తల్లిదండ్రులది కాంగో.

నాలుగేళ్ల క్రితం వచ్చిన మొదటి పాట నాలుగు దేశాల్లో పైకెక్కి కూచుంది. పోజ్నాన్, మాడ్రిడ్, ఒసాకా దాకా షోలు. ఆడపిల్లల గదుల నిండా పోస్టర్లు. ఇప్పుడు ఆదివారం బీచ్ షోలు. సూపర్‌మార్కెట్ల ప్రారంభాలు. ఆ పాటకి ఆడిన జనం ఇంకొకరి పాటకి పోయారు.

కమిషనర్ ఫోన్ చేశాడు.

"షో అయ్యాక ఆ ర్యాపరూ ఆ పిల్లా టెంటు వెనక పోట్లాడుకున్నారట. అయిదున్నరకి వాడు కట్ట వైపు వెళ్లడం ఒక కుటుంబం చూసింది. ఇంకేం కావాలయ్యా నీకు? రేపు సాయంత్రానికి జడ్జి ముందు పెట్టు."

పోలీసు స్టేషన్‌లో దెజిరే కుర్చీలో ముడుచుకుని కూచున్నాడు. ఇంకా వెండి జాకెట్టులోనే ఉన్నాడు.

"ఎందుకు పోట్లాడుకున్నారు?"

"పోట్లాట కాదు సార్. ఏడుస్తోంది. ఊరుకోమన్నా."

"కట్ట మీదికి ఎందుకెళ్లావు?"

"కనబడకపోతే వెతకడానికి. సగం దాకా వెళ్లి తిరిగొచ్చా. కొస దాకా వెళ్లలేదు." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "తప్పు నాదే."

"ఏం తప్పు?"

"స్టేజి మీద నాతో ఒక మాట అంది. నేను నవ్వాను."

"ఏమంది?"

దెజిరే జాకెట్టు అంచు నలిపాడు.

"చెప్పకపోతే నీకే నష్టం."

"చెప్పినా నన్నే పట్టుకుంటారు సార్. సినిమాల్లో కూడా ముందు నాలాంటి నల్లవాణ్ణే కదా పట్టుకునేది."

*

పాటలు కట్టే లూడో హోటల్లో దొరికాడు. అతని ముందు జెనెవర్ సారా గ్లాసు. అతని గారేజీలోనే జిరెల్లా పుట్టింది.

"ఆ గొంతు టినెకెది కాదు ఇన్‌స్పెక్టర్. హెడ్విగ్ అని బ్రూజ్‌లో ఉంటుంది. బడి వంటింట్లో పనిచేసేది, పెళ్లిళ్లలో పాడేది. అబ్బా, ఏం గొంతు! గారేజీ అద్దాలు అదిరేవి. కానీ నలభై దగ్గర పడిన మనిషి. పోస్టరు మీద కుర్ర మొహం కావాలి. కాబట్టి గొంతు ఆవిడది, పెదాలు ఈ పిల్లవి."

"ఆవిడకి కోపం లేదా?"

"ఉంటే నా మీదే ఉండాలి," అన్నాడు లూడో. గ్లాసు తిప్పాడు.

సోమవారం పొద్దున్నే డెక్లెర్క్ బ్రూజ్ వెళ్లాడు.

హెడ్విగ్ తలుపు తీసింది. పొట్టి మనిషి. ఆగస్టు ఎండలో కూడా మెడకి స్కార్ఫు. గుసగుసగా మాట్లాడింది.

"జలుబు," అంది గొంతు చూపిస్తూ.

"నిన్న ఎక్కడున్నారమ్మా?"

"ఇంట్లోనే."

"టినెకెని చివరిసారి ఎప్పుడు చూశారు?"

"ఈస్టర్‌కి. తరవాత ఫోన్లు కూడా లేవు."

టీ పోసింది. కొంత సాసర్లో ఒలికింది.

"మంచి పిల్ల," అంది. "ఎక్కడికెళ్లినా నాకో బొమ్మ కార్డు పంపేది. పాపం. అన్నీ వదిలేసి రొయ్యలు ఒలుచుకుంటూ బతుకుతానంది. బతకనివ్వాల్సింది."

డెక్లెర్క్ టీ తాగాడు. రైలు పట్టుకున్నాడు.

*

బీచ్‌లో స్టేజి విప్పుతున్నారు. సౌండ్ చూసే కమీల్ వైర్లు చుడుతున్నాడు. అరవై దాటిన మనిషి.

"ఇవి వాళ్ల మైకులేనా?" డెక్లెర్క్ పెట్టెలోంచి రెండూ తీశాడు.

"మైకులంటే మైకులు కావు లెండి. ఉత్త డొల్లలు. పాటంతా టేపులోంచే వస్తుంది, వాళ్లు నోరు కదుపుతారు. బ్యాటరీ కూడా వెయ్యం. ఒకసారి పోజ్నాన్‌లో వేసి ఉంచాం. పాట మధ్యలో పిల్ల దగ్గింది. పాట సాగుతూనే ఉంది, దగ్గు వేరే వినబడుతోంది. పరువు గంగలో కలిసింది!"

డెక్లెర్క్ నవ్వలేదు. రెండు చేతుల్లో రెండు మైకులు ఎత్తి చూస్తున్నాడు.

"టినెకెది ఏది?"

"ఎర్ర టేపు చుట్టింది."

"ఇది బరువుగా ఉందేం?"

కమీల్ చేతిలో వైరు జారిపోయింది.

డెక్లెర్క్ మూత తిప్పాడు. లోపల బ్యాటరీ. కొత్తది.

"ఎవరు వేశారు?"

కమీల్ వంగి జారిన వైరు తీసుకున్నాడు.

"నేనే," అన్నాడు కమీల్. "ఆ పిల్ల బతిమాలింది. 'కమీల్ మామా, ఇవాళ జనానికి నిజం చెప్పేస్తా, ఈ గొంతు ఎవరిదో చెప్పేస్తా. ఎడమ చెయ్యి ఎత్తగానే నా మైకు తెరువు' అంది. సరేనన్నా."

"తెరిచావా?"

"చెయ్యెత్తింది సార్. పక్క నుంచి చూశా. అప్పుడు నేను సౌండ్ బల్ల దగ్గర లేను. కేబుల్ చూడాలని స్టేజి పక్కకి పోయా."

"కేబుల్‌కి ఏమైంది?"

కమీల్ కళ్లు తుడుచుకున్నాడు.

"ఏం కాలేదు. బాగానే ఉంది. భయమేసింది సార్. తెరిస్తే అందరి అన్నం పోతుంది. తెరవకపోతే ఆ పిల్ల మొహం చూడలేను. అందుకని లేచిపోయా."

"అంటే ఆ పిల్ల మాట్లాడింది. ఎవరికీ వినబడలేదు."

"జనం చప్పట్లు కొట్టారు. పాటే అనుకున్నారు."

డెక్లెర్క్ సౌండ్ బల్ల దగ్గరికి నడిచాడు.

"మైకు మూసి ఉన్నా ఇక్కడ వినొచ్చా?"

"హెడ్‌ఫోన్‌లో వినొచ్చు. ఇదొక్కటే ఉంది. వెళ్లేటప్పుడు ఆ మేకుకి తగిలించా." కమీల్ నుదురు ముడిచాడు. "వచ్చేసరికి బల్ల మీదుంది."

డెక్లెర్క్ పోలీసు స్టేషన్‌కి పరిగెత్తినట్టే వెళ్లాడు.

"దెజిరే! టినెకె నీతో ఏమందో ఇప్పుడే చెప్పు. ఉన్నదున్నట్టు."

దెజిరే తలెత్తాడు.

"ముందు వరసలో ఒక ముసలావిడ రొయ్యలు ఒలుచుకు తింటోంది సార్. పాట మధ్య వాయిద్యం వస్తుంటే టినెకె నా చెవి దగ్గరికొచ్చి, 'ఈ పాటలోనే చెప్పేస్తా, తరవాత ఆవిడలా రొయ్యలు ఒలుచుకుంటూ బతుకుతా' అంది. 'ఆ గోళ్లతోనా?' అని నవ్వాను. అదే మేం సరిగ్గా మాట్లాడుకున్న ఆఖరి మాట."

"అంతకు ముందెప్పుడైనా ఆ మాట అందా?"

"లేదు. ఆవిణ్ణి చూసి అప్పుడే పుట్టింది."

*

మధ్యాహ్నం నాలుగు. సౌండ్ బల్ల చుట్టూ నలుగురు. లూడో, కమీల్, బేడీలతో దెజిరే, స్కార్ఫుతో హెడ్విగ్. కాస్త దూరంలో లైఫ్‌గార్డు.

"రొయ్యల మాట దెజిరే చెవిలో చెప్పింది," మొదలుపెట్టాడు డెక్లెర్క్. "డప్పుల మోతలో పక్కవాడికే సరిగ్గా వినబడదు. అయినా ఇంకొకరు విన్నారు. ఎందుకంటే మైకు గడ్డం దగ్గరే ఉంది. నాలుగేళ్లు చచ్చిన మైకు ముందు కబుర్లు చెప్పుకునే అలవాటు వాళ్లది. నిన్న ఆ మైకు బతికుందన్న సంగతి ఆ క్షణంలో ఆ పిల్ల కూడా మరిచిపోయింది."

హెడ్విగ్ వైపు తిరిగాడు.

"ఆ మాట విన్నది ఇద్దరే. దెజిరే. ఈ హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లు. ఈస్టర్ తరవాత టినెకెతో మాట్లాడలేదన్నారు. మరి రొయ్యల సంగతి మీకెలా తెలిసిందమ్మా?"

ఆమె స్కార్ఫు సరిచేసుకుంది.

లైఫ్‌గార్డు ఒక అడుగు ముందుకొచ్చాడు. "సార్... నిన్న నా దగ్గరికొచ్చి తలూపి వెళ్లింది ఈవిడే."

"జలుబు కాదు కదమ్మా?" అన్నాడు డెక్లెర్క్ మెల్లగా.

జవాబు లూడో దగ్గర్నుంచి వచ్చింది.

"రెండేళ్లయింది. జ్వరంలో పాడించా. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ తెల్లారేదాకా. గొంతు చిట్లింది. ఆపరేషన్ చేశారు, తిరిగి రాలేదు. ఆ తరవాతి పాటలన్నీ పాత టేపుల ముక్కలే, నేను అతికినవే. టినెకెకి కూడా చెప్పలేదు. తప్పు నాది."

"నోరు ముయ్యి లూడో," అంది హెడ్విగ్. గుసగుసే. కానీ అందరికీ వినబడింది.

బల్ల పట్టుకుని నిలబడింది.

"టినెకెని చూద్దామని వచ్చా. కమీల్ లేడు. మా పాట మోగుతుంటే హెడ్‌ఫోన్ పెట్టుకున్నా. రొయ్యల మాట విన్నా, నాకూ నవ్వొచ్చింది. అంతలోనే చెయ్యెత్తింది. నా పేరు చెప్పింది. 'ఈ గొంతు నాది కాదు, హెడ్విగ్‌ది, ఆమెకి చప్పట్లు కొట్టండి' అంది. బీచ్ మొత్తం మీద విన్నది నేనొక్కదాన్నే. ఒక్క వేలుతో మైకు తెరవొచ్చు. తెరవలేదు."

"మీ పేరు మీకు తిరిగిస్తోంది కదమ్మా. ఎందుకు తెరవలేదు?"

"పేరిస్తే ఊరుకుంటారా? పాడమంటారు. అప్పుడేం పాడను? ఆ పిల్ల నోట్లో ఉన్నన్నాళ్లూ నా గొంతు బతికే ఉంది. నాకదొక్కటే మిగిలింది."

కెరటం ఒకటి కట్టని కొట్టింది.

"షో అయ్యాక ఆ పిల్ల కట్ట మీదికెళితే వెనకాలే వెళ్లా. రేపు పేపరు వాళ్లకి చెప్తానంది. వద్దన్నా. చెయ్యి పట్టుకున్నా. 'నీ కోసమే అక్కా' అని లాక్కుంది. పాచి. ఆ బూట్లు. జారిపోయింది."

"అరవలేదా?"

"అరిచా. నోరంతా తెరిచి అరిచా. ఉత్త గాలొచ్చింది. సరిగ్గా అప్పుడే స్పీకర్లలో మా మొదటి పాట వేశారు. నా గొంతే. బీచంతా నా గొంతే."

దెజిరే బేడీల చేతులతోనే మొహం కప్పుకున్నాడు.

"లైఫ్‌గార్డు దగ్గరికి వెళ్లారు కదా," అన్నాడు డెక్లెర్క్.

"వెళ్లా. పరిగెత్తా. ఏం కావాలమ్మా అన్నాడు ఈ బాబు." అప్పుడు ఆమె లైఫ్‌గార్డు కళ్లలోకి చూసింది. "గొంతు లేదు. చెయ్యి ఉంది కదా నాయనా. కట్ట వైపు చూపిస్తే చాలు. చూపిస్తే, నువ్వెవరు, నీకూ ఆమెకీ ఏమిటి అంటారు. తలూపాను."

లైఫ్‌గార్డు ఏడ్చేశాడు.

డెక్లెర్క్ దెజిరే బేడీలు తీశాడు. అతను మణికట్లు రుద్దుకోలేదు. ఎక్కడికీ పోలేదు. ఇసకలో అలాగే కూలబడ్డాడు.

హెడ్విగ్‌ని కారెక్కించారు. రోడ్డు మీద ట్రామ్ అడ్డొచ్చి కారు ఆగింది. పక్కనే ఫ్రైస్ బండి. బండి మీద రేడియో. చచ్చిపోయిన పిల్ల పాటే పొద్దుటి నుంచి వేస్తున్నారు.

డెక్లెర్క్ అద్దంలోంచి వెనక్కి చూశాడు.

హెడ్విగ్ పెదాలు కదులుతున్నాయి. పాటతో పాటే. ఒక్క మాట కూడా తప్పడం లేదు.

శబ్దం మాత్రం రేడియోలోంచే వస్తోంది.