ఎర్రర్ 08 వస్తే చావి ముట్టొద్దు

మెకానిక్ బాపయ్య మెడలో స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగి ఉంది.

బల్లార్‌షా దగ్గర్లోని తుకుం పేటలో, అతని ఎలక్ట్రిక్ బండ్ల రిపేరు షాపులో ఫ్యాన్ ఇంకా తిరుగుతూనే ఉంది. స్నేహలత చేతిలోని డబ్బా కింద పెట్టి, రక్తంలోనే మోకాళ్ల మీద కూర్చుని నాడి చూసింది. లేదు.

ఈ వీధికి ఆమె మెస్ నడిపే మనిషి. ఢిల్లీలోని ఒక ఆఫీసుకు మాత్రం ఏజెంట్ ‘కారం’. ఆమె స్టీలు డబ్బాలో పై గిన్నెల నిండా అన్నం, పప్పుచారు. అడుగు గిన్నెలో ఢిల్లీ వాళ్లిచ్చిన సిగ్నల్ జామర్. ఇంతవరకూ అది దేన్నీ జామ్ చేయలేదు. బరువు మాత్రం రాయిలా ఉంటుంది.

బాపయ్య ఆమెకు రహస్యంగా సమాచారమిచ్చే మనిషి. పొద్దున ఫోన్ చేశాడు. "అక్కా, షోరూమోళ్లు పంపిన కొత్త కంట్రోలర్, గదే మోటార్‌కు కరెంటిచ్చే డబ్బ, పెడితే ఎర్రర్ 08 చూపిస్తుంది. అంటే మోటార్ల సెన్సర్ పోయినట్టు. సెన్సర్ పోతే మోటార్ గుంజుకోవాలె, వణకాలె. ఇది వెన్నలెక్క తిరుగుతుంది. దీంట్ల ఏదో మోసముంది. నువ్వొచ్చి చూడు."

ఆమె కంటే ముందు ఇంకెవరో వచ్చారు.

స్నేహలత తన చీఫ్ ప్రేమయ్యకు ఫోన్ కలిపింది. "బాపయ్యను చంపిన్రు సార్."

అవతల ఒక నిట్టూర్పు. "మనం ఎతుకుతున్న విదేశీ ముఠా ఇవ్వాళనే పని పెట్టుకుంది స్నేహా. టార్గెట్ బల్లార్‌షా స్టేషన్. బాంబు ఒక ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ డబ్బల ఉంది. ఎవరి బండో తెల్వది. ఏజెంట్ ‘మిరియం’ వస్తుంది. ముఠాల ఉన్న మన మనిషి. ఆమెకు తెల్సు."

ఫోన్ పెట్టేసేలోపే మిరియం గుమ్మంలో ఉంది. షోరూం సేల్స్ యూనిఫాం, నల్ల కళ్లద్దాలు, రక్తం వాసనను కూడా కప్పేసే అత్తరు.

"ఎండ ఎట్లుంది?" అంది స్నేహలత.

"అప్పడం కాలుతది," అంది మిరియం. కోడ్ సరిపోయింది. శవాన్ని చూసి, "అయ్యో!" అని నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

ఎర్రటి గోళ్ల అంచున తెల్లటి పేస్ట్. కంట్రోలర్ వేడెక్కకుండా దాని కింద పూసేది. బండి అమ్మేవాళ్ల గోళ్లలోకి అది రాదు. బిగించేవాళ్ల గోళ్లలోనే ఉంటుంది.

"చేతులు కడుక్కొని రాకపోయినవా, పిల్లా?"

మిరియం కత్తి తీసింది. స్నేహలత పప్పుచారు గిన్నె ఎత్తి ఆమె ముఖాన కొట్టింది. పొగలు కక్కే చారు. కేక పెట్టినా మిరియం కత్తి వదల్లేదు. అది స్నేహలత భుజాన్ని చీల్చుకుంటూ పోయింది. స్నేహలత ఆమె జుట్టు పట్టి నుదుటిని ఇనుప బల్లకేసి కొట్టింది. మళ్లీ కొట్టింది. కత్తి జారిపడింది. తలుపు గొళ్లేనికి ఆమె చేతులు కట్టేసింది.

"ఎవరి బండి?"

మిరియం నెత్తుటి పళ్లతో నవ్వింది. "నీ తమ్మునిదే. తిరుపతిది. ఫ్రీ సర్వీసని నేనే పిలిచి కంట్రోలర్ మార్చిన. అసుంటిదే ఒకటి తప్పి బాపయ్యకు పోయింది. స్టేషన్ గేటు దాటంగనే 08 వస్తది, బండి ఆగుతది. బటన్ నొక్కేది మేం గాదు, ఆయననే. బండి ఆగితే ఇక్కడ ఎవరైనా ఫస్టు ఏం చేస్తరు? చావి బంద్ చేసి మళ్ల చాలూ చేస్తరు. బంద్ చేసిండా, ఖతం."

స్నేహలత ఫోన్ తీసి తమ్ముడికి కలిపింది. తిరుపతి రోజూ బల్లార్‌షాలో రైలు డ్రైవర్లకు మధ్యాహ్నం డబ్బాలు ఇస్తాడు. మొన్న బండి మొరాయిస్తే, "ముందు వైర్ల జోడు చూడు తమ్మీ," అంది. వాడు నవ్వాడు. "గవన్నీ దండుగ అక్కా. బంద్ చేసి చాలూ చేస్తే అన్నీ సెట్ అయితయి."

షాపులో రిపేరు పూర్తయిన బండి ఒకదాన్ని చావి తిప్పి చాలూ చేసి, డబ్బా తగిలించుకుని బయల్దేరింది. తిరుపతి ఫోన్ మోగుతూనే ఉంది. ఎండకు తలా చెవులూ కలిపి దస్తీ చుట్టుకున్నవాడు బండి మీద ఫోన్ ఎత్తడు.

ప్రేమయ్య ఎత్తాడు. బండి తన తమ్ముడిదని చెప్పింది. "గేటు కాడ పోలీసులున్నరు. నంబరు లేని బండిని ఎట్ల గుర్తుపట్టాలె? మే నెల, అందరి ముఖాలు బట్టల్లనే ఉన్నయి. డబ్బాల బండ్లయితే బొచ్చెడు!"

"ఎవర్నీ ఆపకున్రి సార్. ఆపితే చావి బంద్ చేస్తడు!"

సగం దారిలో ఆమె బండే ఆగిపోయింది. స్క్రీన్ మీద బ్రేక్ ఎర్రర్. బొగ్గు లారీల దుమ్ముకు బ్రేక్ పిడిలోని స్విచ్ ఇరుక్కుంటే, బ్రేక్ పట్టుకునే ఉన్నారనుకుని బండి కరెంటు వదలదు. ఆమె చేయి చావి మీదికి పోయి, ఆగింది. పిడిని నాలుగుసార్లు గట్టిగా నొక్కి వదిలింది. టక్కుమంది. ఎర్రర్ పోయింది.

స్టేషన్ గేటు పక్కన టోపీ పెట్టుకున్న తెల్లతోలు మనిషి ఆమెను చూసి పిస్టల్ తీశాడు. స్నేహలత బ్రేక్ వేయలేదు. గుండు ఆమె చెవి తమ్మెను ఎగరగొట్టింది. బండి అతని మోకాలిని విరగ్గొట్టింది. పోలీసులు అతని మీద పడ్డారు.

పార్కింగ్‌లో ఎటు చూసినా గుడ్డలు చుట్టిన తలలే. పక్క ప్లాట్‌ఫారం మీద రైలు, కిటికీల్లో పిల్లలు. గుడ్డలు చుట్టిన ఆ తలల్లో ఒకదానికి ఆకుపచ్చ మామిడిపిందెల అంచు. ఆమె పాత చీర చించి ఇచ్చిన ముక్క. అతని బండి స్క్రీన్ మీద ఎర్రగా 08.

"తమ్మీ!"

రైలు కూత వేసింది. తిరుపతి చేయి చావిని పట్టుకుంది.

స్నేహలత డబ్బాను గిర్రున తిప్పి విసిరింది. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు కూతలోనూ వినబడింది. తిరుపతి అన్నం మెతుకుల్లో పడి అరిచాడు. చావి తిరగలేదు. బాంబు నిపుణులు వచ్చేదాకా ఆమె దాన్ని రెండు చేతులతో అట్లాగే పట్టుకుని నిలబడింది. భుజం నుంచి రక్తం మోచేతి దాకా కారింది.

సాయంత్రం ఆసుపత్రిలో తిరుపతి కట్టు చూసుకున్నాడు. "ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదా అక్కా?"

"ఎన్నడన్న ఇన్నవా?"

"గంత బరువు! డబ్బల ఏం వండినవే?"

ఆమె జవాబు చెప్పేలోపు వార్డులో కూలర్ ఆగిపోయింది. తిరుపతి ఎడమ చేయి అలవాటుగా స్విచ్ మీదికి వెళ్లింది. అక్క ముఖం చూసి, దాన్ని నెమ్మదిగా దుప్పటి కిందికి లాక్కున్నాడు.