కంచం ఒకటే

దుబాయ్‌లో సెలవూ చర్చీ శుక్రవారమే. ఆ పొద్దున్న బనియాస్ పేటలోని రెండు గదుల ఇంట్లో ఇడ్లీలు ఉడికాయి, పిల్లకు జడలు పడ్డాయి, ప్రభుకిరణ్ చర్చికి వేసుకెళ్లే చొక్కా ఇస్త్రీ అయింది. అన్నీ ఒంటిచేత్తో చేసుకొచ్చిన హెప్సీ కళ్లు మాత్రం వంటగది మీదే ఉన్నాయి. అత్తగారు దయాకుమారి తన కంచం తను వడ్డించుకుని మళ్లీ తలుపు చాటుకు వెళ్లిపోయింది. పాలకొల్లు నుంచి విజిట్ వీసా మీద వచ్చి నెల కావస్తోంది, ఒక్క పూటైనా అందరితో కూర్చుని తిన్న పాపాన పోలేదు.

"చూశారా మీ అమ్మగారి సంబడం?" అంది మొగుడితో.

"పోనీలేవే, పెద్దావిడ. రేపు విమానం ఎక్కేస్తుంది కదా," అన్నాడు ప్రభుకిరణ్.

పోనీలే అనుకోవడానికి ఇది నిన్నటి మంటా? తొంభై మూడులో పెళ్లి, ఇప్పుడు రెండువేల అయిదు. కాపురానికొచ్చిన మూడో రోజు కొత్తకోడలు వడ్డించబోతే దయాకుమారి పదిమంది చుట్టాల ముందు కంచం వెనక్కి లాక్కుంది. "ఆసుపత్రిలో దొడ్డి ఎత్తే చేతులు తల్లీ. అవి తగిలిన కంచంలో నాకు ముద్ద దిగదు," అంది. ఆనాటి నుంచి ఆవిడ కంచం వేరు. నర్సు కోడలి పుణ్యమా అని కొడుకు దుబాయ్ రావాలి గానీ, నర్సు చేతి ముద్ద మాత్రం పనికిరాదు! ఏం న్యాయమండీ ఇది?

ఈ రోజు ఆవిడ చేత నా కంచంలో తినిపించకపోతే నా పేరు హెప్సీ కాదు, అనుకుంది. ఎక్కడికి తీసుకెళ్లాలో కూడా ఆమెకు తెలుసు.

చర్చి అయ్యాక ఎండలో నడిపించి వెనక సందులో, ఆఫ్రికాలోని ఎరిత్రియా దేశం వాళ్ల హోటల్‌కు తీసుకెళ్లింది. నాలుగే బల్లలు. డ్యూటీ దిగిన నర్సులు చౌకగా కడుపు నింపుకునే చోటు. యజమానురాలు మెహరెత్ హెప్సీని చూసి నవ్వి, పెద్ద పళ్లెం తెచ్చి మధ్యలో పెట్టింది. పళ్లెం నిండా మన పుల్లట్టు లాంటి ఇంజెరా పరిచి ఉంది. దాని మీదే ఎర్రటి కోడికూర, పప్పు, ఆకుకూర కుప్పలుగా వడ్డించారు.

"నా కంచం ఏదమ్మా?" అంది దయాకుమారి.

"ఇక్కడ కంచం ఒకటేనండి, అత్తయ్యగారూ. చెంచాలు కూడా ఉండవు. అందరూ ఇందులోనే తినాలి." హెప్సీ కావాలనే ముందుగా నడిమధ్యన చెయ్యి పెట్టింది. "నా చెయ్యి తగిలింది కూడానండి."

"నాకు ఆకలిగా లేదు. మీరు తినండి."

"ఆకలి లేదా, నా చెయ్యంటే అసహ్యమా? ఇవాళ తేల్చి చెప్పండి. మీరు పదిమందిలోనే అన్నారు, నేనూ పదిమందిలోనే అడుగుతున్నాను!"

"హెప్సీ, మెల్లగా..." అన్నాడు ప్రభుకిరణ్.

"మీరు మాట్లాడకండి. ఆ రోజూ మాట్లాడలేదుగా!"

పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. దయాకుమారి కాసేపు పళ్లెం వంక చూసి, కొంగు సర్దుకుని చెయ్యి చాపింది. గెలిచానని హెప్సీకి ఒళ్లంతా పొంగింది.

ఆ చెయ్యి వణుకుతోంది. ఇంజెరా ముక్క తుంచేసరికి చెమటలు పట్టాయి. కూరలో అద్ది పైకెత్తితే సగం దారిలోనే జారి తెల్లచీర మీద పడింది. రెండోసారీ అంతే.

"మామ్మ చెయ్యి రోజూ అంతే అమ్మా," అంది ఎనిమిదేళ్ల సోనీ. "టీ కూడా ఒలికిపోద్ది. నీకు చెప్పొద్దంది."

దయాకుమారి తల దించుకుంది. "ఈ వణుకొచ్చి రెండేళ్లయింది. నీ ఎదర ఒలకబోసుకోలేక తలుపు చాటున తింటన్నానమ్మా. ఏ మొహం పెట్టుకుని చూపించను? నాలాంటోళ్లకి తినిపించే చేతుల్నేగా ఆ మాటన్నాను!"

హెప్సీ ఆ వేళ్ల వంక చూసింది. వార్డులో ఎవరి వేలు కాస్త అదిరినా డాక్టరు కంటే ముందు తనే కనిపెడుతుంది. ఇంట్లో మాత్రం నెలరోజులుగా అత్తగారు ఎక్కడ తింటోందో చూసింది గానీ, ఎలా తింటోందో ఒక్కనాడూ చూడలేదు.

మెహరెత్ వచ్చి ఆవిడ చీర తుడిచి, ఇంజెరాలో కూర చుట్టి ముద్ద చేసి హెప్సీ చేతిలో పెట్టింది. "యల్లా, కానియ్ సిస్టర్, అమ్మకి నువ్వు పెట్టు. మా దేశంలో అయినవాళ్లకి ఇలాగే నోట్లో పెడతాం. వద్దనకూడదు," అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

హెప్సీ చెయ్యి సగంలో ఆగింది. జాలి కలిగితే మాత్రం పన్నెండేళ్ల కోపం చిటికెలో పోతుందా? పోలేదు.

"ఆ మాట తప్పని ఒక్కసారి అనండి. పెడతాను," అంది.

దయాకుమారి తలెత్తి కోడల్నీ, బల్లల దగ్గరివాళ్లందర్నీ చూసింది. వాళ్లలో ఒక్కరికీ తెలుగు రాదు. అయినా గొంతు పెంచే చెప్పింది.

"తప్పే. పదిమందిలో అన్నాను, పదిమందిలోనే ఒప్పుకుంటన్నాను. తప్పేనమ్మా."

అని నోరు తెరిచింది. హెప్సీ ముద్ద పెట్టింది. నమిలే ఆ మొహం చూస్తుంటే ఏడుపు ఆగలేదు. అత్తగారి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

"కారంగా ఉందా అండి?"

"మండిపోతోంది," అంది దయాకుమారి. "ఇంకోటి పెట్టు."