మడ్డి లేని సీసా

"ఆదివారం మధ్యాహ్నం నువ్వు నలుగురిలో కూర్చుని వైన్ తాగాలి," అన్నాడు చీఫ్.

డిపార్ట్‌మెంట్‌లో అందరూ కొంగ అని పిలిచే ఆ ఏజెంట్ నవ్వబోయి ఆగిపోయాడు. చీఫ్ బల్ల మీద పడేసిన ఫొటోలో ఉన్నది రాడార్లు తయారుచేసే ప్రొఫెసర్. అదే పని చేసే ఇంకొకాయన పోయిన నెల ఒక విందులో, ముద్ద చేతిలో ఉండగానే కుప్పకూలాడు.

"విదేశీ ముఠా. ఇప్పుడు ఈయన వంతు. పాత ఇటాలియన్ రెడ్ వైన్ అంటే ఈయనకు ప్రాణం. ఒకే తోట వైన్, నాలుగు వేర్వేరు సంవత్సరాలది, పక్కపక్కన పెట్టి పోల్చే టేస్టింగ్‌కి వస్తున్నాడు. పిలిచింది ఎవరో తెలుసుగా?"

తెలుసు. స్వయానా తన తోడల్లుడు. వైన్ షాపు ఓనర్.

"ఆయన అమాయకుడు సార్."

"అందుకే పనికొస్తాడు. అక్కడ మన మనిషి ఒకావిడ ఉంటుంది, వైన్ క్రిటిక్. ముఠా ఆవిడ్ని తమ మనిషే అనుకుంటోంది. కోడ్ 'తారు వాసన'. జవాబు 'గులాబీ కూడా'." చీఫ్ చొక్కా చేతికి పెట్టుకునే కఫ్‌లింక్ ఒకటి ముందుకు తోశాడు. "లోపల టెస్ట్ పేపర్ ఉంది. విషం తగిలితే నీలం. ఒక్కటే ఉంది, దండగ చెయ్యకు. నువ్వు ఏజెంటువని మాత్రం బయటపడకూడదు. నాకు ముఠా మొత్తం కావాలి."

ఇంట్లోవాళ్ల దృష్టిలో కొంగ ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకుంటాడు. కొన్ని నెలలుగా సాయంత్రాలు తోడల్లుడి షాపులో కూర్చుని వైన్ పాఠాలు చెప్పించుకుంటున్నాడు. తన విద్యకు వారసుడు దొరికాడని పెద్దాయన మురిసిపోయాడు. కొంగ వెళ్లేది మాత్రం షాపుకి వచ్చిపోయేవాళ్ల మీద కన్నేయడానికి. అచ్చంగా కొంగ జపమే. ఆయన "తమ్ముడూ" అన్నప్పుడల్లా గొంతులో చేపముల్లు గుచ్చుకునేది.

ఆదివారం షాపు వెనక గదిలో పొడవాటి బల్ల వేసి, రంగు తేలిగ్గా తెలియడానికి తెల్లగుడ్డ పరిచారు. ఎదురుగా ప్రొఫెసర్. కొంగ పక్కన నల్ల గౌను, ముత్యాల దండతో క్రిటిక్. ఆవిడ తల తిప్పితే చాలు, గదిలో మగవాళ్లంతా గ్లాసులు మరిచిపోయారు.

"తారు వాసన వస్తోందండీ," అన్నాడు కొంగ మొదటి గ్లాసు మీద వంగి.

"గులాబీ కూడా," అంది ఆవిడ. తర్వాత పెదవి కదపకుండా, "మూడో సీసా."

తోడల్లుడు ఉత్సాహంగా చెప్పుకుపోతున్నాడు. "ఇది 2001. కుర్రాడండీ, పళ్లకు పట్టేస్తాడు. ఇది 96, పులుపు ఇంకా పొగరుగానే ఉంది. ఇక 89, సంసారం చేసి మెత్తబడ్డవాడు!" అందరూ నవ్వారు.

ఆ నవ్వుల మధ్య కొంగ మూడో గ్లాసులో పేపర్ ముంచాడు. వైన్ ఎరుపు తప్ప నీలం జాడ లేదు.

"ప్లాన్ మారినట్టుంది. ఇక భయం లేదు," అని గొణిగింది క్రిటిక్.

నాలుగోది 1978. తోడల్లుడు సీసా మెడ కింద కొవ్వొత్తి పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, చివరి చుక్క దాకా వంపేశాడు. "చూశారా, అద్దంలా ఉంది!"

కొంగ చూపు సీసా అడుగున ఆగిపోయింది. 'ముసలి వైన్ అన్నాక అడుగున మడ్డి ఉండాల్సిందే తమ్ముడూ. లేదంటే ఎవరో చెయ్యి పెట్టినట్టే.' ఆయన చెప్పిన పాఠమే. సంబరంలో ఆయనే మరిచిపోయాడు. పొద్దున గది సర్దేటప్పుడు, "పాత బిరడా విరిగిపోతుంది, నేను తీస్తా" అంటూ ఈ సీసాను వంటగదిలోకి తీసుకెళ్లింది క్రిటిక్. విషం కలపాలంటే కుదపాలి. కుదిపితే మడ్డి లేస్తుంది. అందుకే వడకట్టేసింది. ముఠా ఆవిడ్ని తమ మనిషనుకోవడం కాదు, ఆవిడ నిజంగానే వాళ్ల మనిషి. 'మూడో సీసా' అన్నది ఉన్న ఒక్క పేపరూ దండగ చేయించడానికే.

ముఖ్య అతిథి రుచి చూశాకే మిగతావాళ్లు తాగాలి. ప్రొఫెసర్ గ్లాసు పెదాల దాకా వెళ్లింది.

విషం అని అరిస్తే ఆవిడ జాగ్రత్త పడుతుంది, ముఠా చెల్లాచెదురవుతుంది. వైన్ పిచ్చివాణ్ణి ఆపగల మాట ఇంకొక్కటే ఉంది.

"తాగకండి!" కొంగ కుర్చీ తోసి లేచాడు. "అది నకిలీ! మా అన్నయ్య మిమ్మల్ని మోసం చేస్తున్నాడు!"

గ్లాసు పెదవి అంచున ఆగింది. ప్రొఫెసర్ దాన్ని చీదరింపుగా కింద పెట్టేశాడు. అతిథులు ఒక్కొక్కరే కోట్లు తీసుకున్నారు.

"నేనా తమ్ముడూ?" అన్నాడు తోడల్లుడు.

కొంగ గ్లాసులన్నీ తనే సింకులో పారబోశాడు, ల్యాబ్ కోసం చేతిరుమాలు తడుపుకుని. ఏ అనుమానమూ రాని క్రిటిక్ తిన్నగా ముఠా అడ్డాకే వెళ్లింది, వెనకే డిపార్ట్‌మెంట్ మనుషులు. వారం తిరక్కుండా అందరూ కటకటాల వెనక ఉన్నారు.

"శభాష్," అన్నాడు చీఫ్.

"మా అన్నయ్యకు నిజం చెప్పొచ్చా సార్?"

"చెప్పకూడదు. నువ్వెవరో బయటపడుతుంది."

మర్నాడు తోడల్లుడే ఇంటికొచ్చాడు. మనిషి సగమయ్యాడు. కొంగ తలెత్తలేకపోయాడు.

"నీ మీద కోపం లేదు తమ్ముడూ. నువ్వు అబద్ధమాడవని మీ వదిన కూడా అంటోంది. నేను కొన్నదే నకిలీ అయ్యుంటుంది. నా నాలుకే మొద్దుబారింది. షాపు ఎత్తేస్తున్నా."

"అన్నయ్యా, అది..." అన్నాడు కొంగ. ఆయన భుజం తట్టి వెళ్లిపోయాడు.

వంటింట్లోంచి గిన్నె పడేసిన చప్పుడు, వెంటే భార్య గొంతు. "మా బావ పరువు తీసిన నోటికి ఈ ఇంట్లో కాఫీ లేదు!"

ఆ సాయంత్రం, దేశాన్ని కాపాడిన వీరుడు వీధి చివరి హోటల్‌కి వెళ్లి కాఫీ తాగొచ్చాడు.