అడక్కుండా కనెక్ట్ చేసినవాడు

తన కంప్యూటర్ మీద ఇంకొకరు చెయ్యి వేస్తే ఆమెకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మధ్యాహ్నం సరిగ్గా అదే జరిగింది.

హెడ్‌ఫోన్స్‌లో ఒక డాక్టర్ ఎవరిదో మోకాలి ఆపరేషన్ సంగతి గబగబా చెప్పుకుపోతున్నాడు. ఆమె విన్నది విన్నట్టు రిపోర్టు టైప్ చేస్తోంది. అదే ఆమె ఉద్యోగం, ఇంట్లో తన గదిలో కూర్చునే చేస్తుంది. ఆ టైపింగ్ స్పీడుకే ఆఫీసులో అందరూ ఆమెను టకటక అంటారు. ఆమెకు చిన్నప్పటి నుంచీ చూపు లేదు. స్క్రీన్ మీద ఉన్నదంతా కంప్యూటరే చదివి వినిపిస్తుంది. మౌస్ జోలికి ఆమె ఏనాడూ పోలేదు, పోవాల్సిన అవసరమూ రాలేదు.

ఉన్నట్టుండి ఆ చదివే గొంతుకు పిచ్చెక్కింది. "విండో, బటన్, బటన్, విండో" అంటూ డాక్టర్ మాటకు అడ్డం పడింది. ఎవరో లోపలికొచ్చి మౌస్ తిప్పుతున్నారన్నమాట. ఆమె వెంటనే ఆఫీసులో నెట్‌వర్క్ డిపార్ట్‌మెంటుకు ఫోన్ చేసింది.

"నా మెషీన్‌లో తిరుగుతున్నది ఎవరండీ?"

"నేనేనండీ," అంది అవతలి గొంతు, ఏదో పుణ్యకార్యం చేస్తున్నట్టు. "కొత్త వీపీఎన్ యాప్ పెడుతున్నాను. రెండు నిమిషాలు, మీరేం ముట్టుకోకండి."

"నా మెషీన్‌ని నేను ముట్టుకోకూడదా?"

ఇక్కడ వీపీఎన్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆమె ఇంటి నుంచి ఆఫీసు దాకా కంప్యూటర్లకు ఉన్న రహస్యదారి అది. పేషెంట్ల వివరాలు ఆ దారిలోనే వెళ్ళాలి. దారి తెగితే ఆమెకు పని లేదు, జీతమూ లేదు. దాన్ని తెరవడానికి ఆమె వాడేది కమాండ్ లైన్. అందులో బొమ్మలూ బటన్లూ ఉండవు. కనెక్ట్ అని ఒక్క లైన్ కొడితే దారి తెరుచుకుంటుంది, స్టేటస్ అని కొడితే ఎలా ఉందో చెబుతుంది. ఇంతకంటే మర్యాద తెలిసిన సాఫ్ట్‌వేర్ లోకంలో లేదని ఆమె నమ్మకం.

ఫోన్‌లో ఉన్న ఈ కుర్రాడు ఏం చేశాడంటే, కొత్త యాప్ పెట్టే ముందు ఉన్న కనెక్షన్ కట్ చేశాడు. తను ఆమె మెషీన్‌లోకి వచ్చింది కూడా ఆ దారిలోనే అన్న సంగతి మరిచిపోయాడు. ఫోన్‌లో వినిపిస్తున్న అతని కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"ఏమైందండీ?"

"ఏం లేదండీ... నేను బయట పడిపోయాను."

ఆమెకు నవ్వాగలేదు. "కూర్చున్న కొమ్మనే నరుక్కున్నారా?"

అతను బతిమాలుకున్నాడు. చేరి వారం కూడా కాలేదని, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నానని, ఈ సంగతి డిపార్ట్‌మెంట్ హెడ్‌గారి చెవిన పడితే ఉద్యోగం గోవిందా అని చెప్పుకొచ్చాడు. ఆమె ఒక్క లైన్ కొట్టింది. "కనెక్టెడ్" అంది కంప్యూటర్.

"రండి లోపలికి. ఇకనుంచి తలుపు కొట్టి రండి మౌస్ బాబూ."

ఆ పేరు అతనికి అతుక్కుపోయింది.

తర్వాత అతను రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. కొత్త యాప్ ఎలా ఉందో కనుక్కోవడం తన డ్యూటీ అన్నాడు. ఆ విండోలో ఏ బటన్‌కీ పేరు లేదని, ఏది నొక్కితే ఏమవుతుందో ఆ బటన్‌కే తెలియదని ఆమె తిట్టేది. అతను నవ్వుతూ రాసుకునేవాడు. డ్యూటీ అయిపోయాక కూడా ఫోన్ పెట్టేవాడు కాదు. ఒక సాయంత్రం వాన పడుతుంటే, మీ దగ్గర కూడా పడుతోందా అని అడిగాడు. కిటికీ రేకు మీద ఒక రకంగా, పక్కింటి బకెట్లో ఇంకో రకంగా పడుతోందని ఆమె చెప్పింది. అతను తన ఫోన్‌ని ఆఫీసు కిటికీలోంచి బయటికి చాపి, తన వాన కూడా వినిపించాడు. ఫోన్ తడిసి మర్నాడంతా పనిచేయలేదు. ఆ ఒక్కరోజు ఫోన్ రాకపోయేసరికి ఆమెకు ఏ రిపోర్టూ ముందుకు సాగలేదు. అతనంటే ఇష్టం పుట్టిందని అప్పుడు తెలిసింది, తెలిసి తన మీద తనకే కోపం వచ్చింది.

అంతలో ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. వచ్చే సోమవారం నుంచి కమాండ్ లైన్ ఉండదు, అందరూ కొత్త యాప్‌లో బటనే నొక్కాలి.

అమ్మ ఈ మాత్రానికే ఇంత గొడవెందుకు అంది. రోజూ పొద్దున్నే నేనే నొక్కిపోతాలే, అదెంత పని అంది.

"నువ్వు ఊరెళ్తే నా ఉద్యోగం కూడా నీతో ఊరెళ్తుందా అమ్మా?"

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

రెండు రోజుల తర్వాత ఆమె పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేసి, అలవాటు ప్రకారం స్టేటస్ కొట్టింది. "కనెక్టెడ్" అంది. కనెక్ట్ చేసింది తను కాదు. పేషెంట్ల వివరాలున్న దారి, తను తెరవకుండానే బార్లా తెరిచి ఉంది.

ఫోన్ చేస్తే మౌస్ బాబు సంబరపడిపోయాడు. నిన్న సాయంత్రం అప్‌డేట్ వేసేటప్పుడు, ఆన్ చేయగానే దానంతటదే కనెక్ట్ అయ్యేలా సెట్టింగ్ మార్చాడట. ఇక ఏ బటనూ నొక్కక్కర్లేదు, సర్‌ప్రైజ్ అన్నాడు.

"మధ్యలో లైన్ తెగితే?"

"అది... నాకు ఫోన్ చేయండి. నేను చూసుకుంటాను."

ఆ చివరి మాట ఆమెకు సూటిగా వెళ్ళి తగిలింది. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట అది. చుట్టాలు, టీచర్లు, సంబంధాలు చూసేవాళ్ళు, అందరూ అదే మాట. ఇతనొక్కడు అనడనుకుంది.

"మిమ్మల్ని ఎవరు అడిగారు? ఒక్కసారైనా నన్ను అడగాలనిపించలేదా? నాకు కావాల్సింది తలుపు తీసిపెట్టేవాళ్ళు కాదండీ. నా తాళంచెవి నా దగ్గర ఉండాలి. అంతే."

ఫోన్ పెట్టేసింది. సెట్టింగ్‌ని ఒక్క లైన్‌తో తీసేసి, డిస్కనెక్ట్ కొట్టి, మళ్ళీ తన చేత్తో కనెక్ట్ చేసుకుంది. అప్పుడు ఏడ్చింది.

అతను మూడు సార్లు ఫోన్ చేశాడు, ఆమె ఎత్తలేదు. శుక్రవారం సాయంత్రం మెసేజ్ వచ్చింది, కంప్యూటర్ చదివి వినిపించింది. ఇవాళంతా మానిటర్ ఆపేసి, మౌస్ సొరుగులో పడేసి, మీలాగే చదివే గొంతు పెట్టుకుని కూర్చున్నానని, మధ్యాహ్నం దాకా బటన్, బటన్ అని వినడం తప్ప ఇంకేమీ చేయలేకపోయానని రాశాడు. రేపు కొత్త యాప్ మీద జరిగే మీటింగ్‌లో దీని గురించి మాట్లాడాలనుకుంటున్నాను, మీ పేరు చెప్పవచ్చా అని అడిగాడు.

అడిగాడు. ఆ ఒక్క మాటకే ఆమె కోపం సగం దిగింది. మిగతా సగం దాచుకుని ఫోన్ చేసింది.

"నా పేరు నేనే చెప్పుకుంటాను, రేపు వస్తున్నాను. మీకు దమ్ముంటే మీ కొమ్మ సంగతి చెప్పండి."

"అది చెప్తే నా ఉద్యోగం..."

"మీ ఇష్టం."

శనివారం ఆమె తెల్ల కర్ర పట్టుకుని, చంకలో తన కీబోర్డుతో ఆఫీసు మెట్లెక్కింది. మీటింగ్ రూమ్‌లో హెడ్‌గారు చాలా మెత్తగా మాట్లాడారు. కమాండ్ వాడేది మీరొక్కరేనమ్మా, ఒక్కరికోసం రెండు రకాలు ఎలా పెడతాం, ఇంట్లో ఎవరైనా రోజూ ఒక్క క్లిక్ చేస్తే సరిపోతుంది కదా అన్నారు.

"నేను సాయం అడగడానికి రాలేదు సర్. ఇన్నాళ్ళూ నా పని నేనే చేసుకున్నాను. ఆ దారి మూసేసి, తర్వాత నా మీద జాలిపడకండి. మీ యాప్‌లో బటన్లకు పేర్లు పెట్టించినా సరే, కమాండ్ ఉంచినా సరే. రెండూ లేకపోతే సోమవారం నేను ఇక్కడికే వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటాను. మీరే వచ్చి నాకు రోజూ క్లిక్ చేద్దురుగాని."

ఎవరో దగ్గారు. ఆ తర్వాత ఒక కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"ఆవిడ ఒక్కరే కాదు సర్, మనకీ కావాలి." అది మౌస్ బాబు గొంతు. చేరిన మొదటి వారంలో తను ఆవిడ మెషీన్‌లో ఉండి వీపీఎన్ కట్ చేసి, తనే బయట పడ్డానని చెప్పాడు. లోపలికి రావడానికి తన దగ్గర వేరే దారి లేదని, ఆవిడ ఇంట్లో కూర్చుని ఒక్క లైన్ కొట్టి తనను లోపలికి తెచ్చారని చెప్పాడు. కమాండ్ తీసేశాక ఎవరింట్లోనైనా ఈ యాప్ విండో హ్యాంగ్ అయితే ఫోన్‌లో ఏం చెప్పి బాగుచేస్తామని అడిగాడు. అతను బయట పడిన కథకు గదంతా నవ్వింది, హెడ్‌గారు తప్ప. ఆయన తన మనుషులను ఒక్కొక్కరినీ అదే ప్రశ్న అడిగారు. ఒక్కరి దగ్గరా సమాధానం లేదు.

కమాండ్ ఉంటుంది, బటన్లకు పేర్లు కూడా వస్తాయి అని తేల్చారు హెడ్‌గారు. మౌస్ బాబు ప్రొబేషన్ మాత్రం ఇంకో మూడు నెలలు పొడిగించారు.

మెట్ల దగ్గర అతను వెనకే వచ్చి, చెయ్యి కావాలా అని అడిగాడు.

"ఈ మెట్లు నాకు మీకంటే ముందు నుంచీ తెలుసు. కావాలంటే మీరే నా మోచెయ్యి పట్టుకోండి, ఆఫీసుకి కొత్త కదా."

అతను నిజంగానే పట్టుకుని దిగాడు.

మర్నాడు ఆదివారం ఇంటి తలుపు చప్పుడైంది. బెల్ ఉండగా తలుపు కొట్టేవాడెవడో ఆమెకు తెలుసు. అమ్మ తలుపు తీసింది. అతను లోపలికి రావచ్చా అని అడిగి వచ్చి, కూర్చోవచ్చా అని అడిగి కూర్చున్నాడు. ఇంకా ఎన్ని అడుగుతాడో అని ఆమె నవ్వాపుకుంది.

"మీరంటే నాకు ఇష్టమండీ," అన్నాడు ఆమెతో. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

అమ్మ, తల్లి కదా, అడగాల్సింది అడిగింది. "మా అమ్మాయిని బాగా చూసుకుంటావా బాబూ?"

"నన్ను చూసుకోవడానికి ఎవరూ అక్కర్లేదమ్మా," అంది ఆమె, అతను నోరు తెరిచేలోపే. "నాతో గొడవపడటానికి ఒక మనిషి కావాలి."

"దానికి నేను సరిపోతానా?"

"ప్రొబేషన్‌లో తేలుతుంది. నా దగ్గర కూడా మూడు నెలలే."

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, టీ పెడతానని లోపలికి వెళ్ళింది. ఆమె ముందుకు చెయ్యి చాపింది. కుర్చీ కిర్రుమంది గానీ, అతని చెయ్యి మాత్రం ఇంకా అందలేదు.

"పట్టుకోవచ్చా?" అన్నాడు.

"ఇది మాత్రం అడగక్కర్లేదు," అంది టకటక.