పసుపు దారం కట్టిన అలసంద

"ఏం సారూ, పూలను లెక్కబెడతా ఉండారా, ఓదారుస్తా ఉండారా?"

గట్టు మీది నుంచి వచ్చిన గొంతుకు ధనంజయ ఉలిక్కిపడి లేచాడు. చేతిలోని అలసంద పువ్వు కాస్తా రాలిపోయింది.

"చూడు, నీ మాటకే రాలింది."

"నా మాటకు కాదు, ఎండకు. ఈ ఎండకు మా నాయనే రాలిపోయేట్టుండాడు!"

ఆమె తిరుమలమ్మ, రైతు చెంగయ్య కూతురు. తిరుపతికి దగ్గర్లో ఉన్న ఆ చెంగయ్య మడిలోనే, 1946 వేసవిలో, రైతులకు కొత్త రకాలు వేసి చూపే అగ్రికల్చర్ డిమాన్‌స్ట్రేటరు ధనంజయ అలసంద వేయించాడు. ఎండ ముదిరితే అలసంద పూత నిలవదు. మెట్ట భూముల నాటు రకం మాత్రం ఓర్చుకుంటుంది, కానీ కాయ చిన్నది. దాన్ని పెద్ద కాయల రకంతో కలిపి, వాటి మనుమల తరాన్ని ఇప్పుడు ఎండలో నిలబెట్టాడు.

"అంటే మొక్కలకు పెండ్లి చేసినారు. గోత్రాలు చూసినారా?"

"ఓర్పు చూశాను. అవ్వ ఓర్పు మనుమల్లో కొందరికే వస్తుంది. వచ్చినట్టు కనబడినా, మూడు పంటలు చూడందే నమ్మకూడదు."

"అబ్బ! మనుషులకే అంత విచారణ లేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ వెళ్లిపోయింది. పంట చేతికి రాగానే ఆమెను తనకిమ్మని చెంగయ్యను అడగాలని ధనంజయ అప్పుడే నిశ్చయించుకున్నాడు. ఆమెతో మాత్రం అనలేదు.

మడంతా పూత రాల్చినా, ఒక మూల ఒకే ఒక్క మొక్క నిండుగా కాసింది. గుర్తుకు కాగితం చీటీ కడితే గాలికి నిలవలేదు. సంచిలో పసుపు దారం ఉంటే అది కట్టాడు. "ఆ మొక్క జాగ్రత్త" అని తిరుమలమ్మకు చెప్పి, పని మీద చిత్తూరు వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి మొక్క మీద కాయ లేదు.

"స్వామికి పంపించినాను సారూ," అంది ఆమె సంబరంగా. "మీరు ముడుపు కట్టినారు గదా! కాయలు పగిలి గింజ రాలేట్టుండె. గోవిందా అంటా కొండకు నడిచిపోయేవాళ్లు కనబడితే, తలకు పోసుకుని కోసి, కొత్త గుడ్డలో మూటగట్టి ఇచ్చినాను."

"ముడుపా? అది గుర్తు! నా పనంతా దానిమీదే నిలిచింది! ఇట్లాంటి మూఢులతో పెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ!"

ఆమె ముఖం చిన్నబోయింది. "మొక్కకు మూడు పంటలన్నారు. నన్ను ఒక్క మాటతో తేల్చేసినారే."

అతను గొడుగు తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

చిత్తూరులో తల్లి యశోదమ్మ అంతా విని తల పట్టుకుంది. "పసుపు దారం కట్టి, ఎందుకో చెప్పకుండా వస్తివి. ఎవరైనా ముడుపనే అనుకుంటారు గదరా? పాపం ఆ పిల్ల నీ మొక్కు తీర్చినాననుకునింది. పోయి తప్పయిందని చెప్పు."

తప్పు తనదేనని తెలిసింది. అయినా పోలేదు. ఆఫీసు పనులన్నాడు, తలనొప్పన్నాడు. ఆ గింజలు స్వామికి అందాయో, దారిలో ఎవరి ఆకలికి అందాయో మనకు తెలియదు. ఎక్కడ అందినా అవి వృథా అయ్యాయని ఎట్లా అంటాం? వృథా అయింది అతను మొండికేసి కూర్చున్న కాలమే.

తొలకరి పడ్డాక, తడుస్తూ వెళ్లాడు. చెంగయ్య వసారా నిండా కొత్తవాళ్ల చెప్పులున్నాయి. పెరటి బావి దగ్గర తిరుమలమ్మ నీళ్లు తోడుతోంది.

"తప్పు నాది. దారం సంగతి చెప్పనిది నేనే," అన్నాడు గబగబా. "పంట కాగానే మీ నాయనను అడగాలనుకున్నాను... నిన్నిమ్మని."

చేంతాడు ఆమె చేతుల్లోనే ఆగింది.

"లోపల సత్యవేడు వాళ్లు తాంబూలాలు మార్చుకునేసినారు. వాళ్లు వచ్చి పోయినప్పుడల్లా 'కొన్నాళ్లుండు నాయనా' అని జరుపుకుంటా వచ్చినాను. ఎవరికోసమని అడిగితే ఏం చెప్పేది? మీరు నాకేమన్నా చెప్పి పోయినారా?"

"ఇప్పుడు చెబుతున్నా గదా, తిరుమలా."

"ఇప్పుడు మా నాయన మాట ఇచ్చేసినాడు." బిందె చంకనెత్తుకుని, చెంపల మీది వాననీళ్లు తుడుచుకోకుండానే లోపలికి నడిచింది.

అలికిడికి చెంగయ్య బయటికి వచ్చాడు. "ఎవరూ, సారా! తడిసిపోయినారే! సమయానికి వచ్చినారు. మా అమ్మి పెండ్లి కుదిరింది. మాకు చదువుకున్న దిక్కు మీరే. పందిట్లో మీరే ముందుండి నడిపించాల, కాదనకూడదు."

తలుపు వెనక గాజుల చప్పుడు ఆగింది.

"అట్లాగే, చెంగయ్యా," అన్నాడు ధనంజయ.