పోను పది గంటలు, రాను తొమ్మిది

“మా అమ్మాయిని మీ ఊరు తీసుకెళ్తానంటున్నావట. విమానంలో ఎన్ని గంటలు బాబూ?”

ఫోన్ తెరమీద కనబడ్డ అబ్బాయిని నేనడిగిన మొదటి ప్రశ్న అదే. ఉద్యోగం, జీతం అన్నీ తర్వాత.

“పోను పది గంటలు, రాను తొమ్మిది ఆంటీ.”

“దారి ఒకటేగా? మరి ఆ గంట ఎక్కడికి పోయింది?”

అతను నోరు తెరిచేలోగా నెట్ పోయింది. నా అనుమానం మాత్రం పోలేదు.

నా కుట్టుమెషీన్ చెడిపోతే, పాత మెషీన్లకు పార్టులమ్మే ఇతగాణ్ణి మా అమ్మాయే నెట్‌లో వెతికి పట్టుకుంది. పార్టు రావడానికి నెల పట్టింది. వీళ్ల కబుర్లకు ఆ నెల చాల్లేదు. మెషీన్ బాగుపడింది, పిల్ల పాడైపోయింది అనుకున్నాను.

“లెక్క తిన్నగా చెప్పనివాడికి పిల్లనివ్వను,” అని తేల్చేశాను.

“అయితే అతన్నే వచ్చి చెప్పమంటా,” అంది అమ్మాయి.

నిజంగానే బయలుదేరాడు!

ఆ రోజు విమానం అమ్మాయి ఫోన్‌లో చుక్కలా కదులుతుంటే, కుట్టుపని మానేసి చూస్తూ కూర్చున్నాను. గోడమీది ప్రపంచపటంలో అతని ఊరి నుంచి మా ఊరికి ముందే సుద్దతో అడ్డంగా గీత గీసిపెట్టుకున్నాను. చుక్క గీతమీద రావడం లేదు. పైపైకి పోతోంది.

“దారి తప్పిందే! మంచుకొండల్లోకి పోతోంది! ఆ పైలట్‌కి ఎవరైనా ఫోన్ చెయ్యండి!”

“పైలట్ నంబర్ నా దగ్గర లేదమ్మా,” అని నవ్వింది గానీ, గోళ్లు కొరుక్కుంటూనే ఉంది. దానికీ భయమేనన్నమాట. ఎందుకో ఆ భయం నాకు నచ్చింది.

సాయంత్రం వానలో తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో పుచ్చకాయ.

“పూలు తెస్తావనుకున్నా,” అంది అమ్మాయి తువ్వాలు చాపుతూ.

“పూలమీద దూరం కొలవలేం కదా,” అన్నాడు. తువ్వాలు అందుకోవడం మరిచిపోయి దాని మొహమే చూస్తున్నాడు.

నేను గట్టిగా దగ్గాను.

గబగబా కాయను బల్లమీద నిలబెట్టి, నా సుద్దతోనే రెండు చుక్కలు పెట్టాడు. “ఇది మా ఊరు, ఇది మీ ఊరు. ఆంటీ, మీ టేపు అడ్డంగా పెట్టండి. ఇప్పుడు బిగించి లాగండి.”

లాగాను. టేపు తనంతట తనే, ఫోన్‌లోని ఆ చుక్కలాగే, పైకి తొడిమ వైపు జారింది. నా చేతిలో వేలెడు మిగిలింది కూడా!

ఇన్నేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. భుజం కొలత బల్లమీద తీస్తానా, ఒంటిమీద తీస్తానా? భూమికి మాత్రం గోడమీద కొలత తీశాను.

“సరే, వంపుదారే దగ్గర. మరి ఆ గంట?”

“విమానాలు ఎగిరే ఎత్తులో గాలి ఎక్కువగా మా వైపు నుంచి మీ వైపుకే వీస్తుంది. మా ఊరు వెళ్లేటప్పుడు ఎదురుగాలి. ఇటు వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది.”

“అంటే?”

“మీ అమ్మాయి నా దగ్గరకి రావడం కంటే మీ దగ్గరకి రావడమే తొందరగా అవుతుంది, అత్తయ్యా.”

“అత్తయ్యా అని ఎవరు పిలవమన్నారు?”

ఇద్దరూ బిక్కచచ్చిపోయారు. అమ్మాయి నా చేతివైపే చూస్తోంది. ఆ చేతిలో అప్పటికే కత్తి ఉంది మరి.

రెండు ఊళ్లూ ఒకే ముక్కలో పడేలా కాయ కోసి, ఆ ముక్కను ఇద్దరికీ ఒకటే పళ్లెంలో పెట్టాను.

“గింజలు చూసుకుని తినండి. గొంతుకడ్డం పడతాయి.”